నేరం బొమ్మలది కాదు

మన బడిలో ఏ పోటీ పెట్టినా సరే, సెల్‌ఫోను మీద మాట్లాడమంటే చాలు, అందరూ ఒకే చోటికి వచ్చి ఆగుతారు. "ఈ ఎమోజీ బొమ్మలు వచ్చినాక పిల్లలు రాయడం మానేశారు, తెలుగు చచ్చిపోతా ఉంది" అంటారు. చప్పట్లు పడతాయి. టీచర్లు తల ఊపుతారు. ఇంటికి పోతే నాయన కూడా అదే పాట, "ఏందిమ్మా, నోట్లో మాట లేదా, బొమ్మలు పంపిస్తావు?" అని. నేను ఇప్పుడు పదో తరగతి. ఈ మాట ఆరో తరగతి నుంచీ వింటున్నాను. ఇది సరైన మాట కాదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. పెద్దవాళ్ళకు ఎదురు మాట్లాడుతోంది అనుకోవద్దు. విచారణ లేకుండానే శిక్ష వేసేశారు, నా అభ్యంతరమంతా అదే.

ముందు ముద్దాయి ఎవరో చూద్దాం. ఎమోజీ అంటే ఇంగ్లీషు మాట అనీ, ఎమోషన్ అనే మాట నుంచి వచ్చిందనీ చాలామంది అనుకుంటారు. కాదు, అది జపాను మాట. 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరం. బొమ్మక్షరం అన్నమాట. 1999లో డొకోమో అనే జపాను ఫోను కంపెనీ కోసం షిగెతాకా కురితా అనే ఆయన 176 బొమ్మలు తయారుచేశారు. ఒక్కో బొమ్మకు అడ్డంగా 12 చుక్కలు, నిలువుగా 12 చుక్కలు, అంతే చోటు. సంక్రాంతికి మా వీధిలో వేసే 15 చుక్కల ముగ్గు దానికంటే పెద్దది. ఆ 176 బొమ్మలను 2016లో న్యూయార్కులోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం తీసుకుని దాచి పెట్టుకుంది.

ఇక్కడ నా మొదటి ప్రశ్న. బొమ్మలు భాషను చంపేవే అయితే అందరికంటే ముందు చావాల్సింది జపాను భాష కదా? అవి పుట్టిన ఇల్లే అది. అక్కడి పిల్లలు మనకంటే ఎంతో ముందు నుంచి వాటిని వాడుతున్నారు. వాళ్ళ రాత మన రాతకంటే కష్టం కూడా. మూడు రకాల లిపులు కలిపి రాయాలి, అందులో ఒక రకంలో అక్షరాలు వేలల్లో ఉంటాయి. అయినా వాళ్ళు "మాది కష్టం, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేద్దాం" అనలేదు. వేలితో ఎలా కొట్టినా తెర మీద పడేది వాళ్ళ లిపే. పక్కన బొమ్మ పెడతారు, అంతే.

రెండో సంగతి కంప్యూటరు పాఠంలో ఉండాల్సింది, లేదు. ఫోనుకు అక్షరం తెలీదు, బొమ్మా తెలీదు. దానికి తెలిసింది నంబరు ఒక్కటే. ప్రపంచంలోని లిపులకు నంబర్లు ఇచ్చే పెద్ద పట్టిక ఒకటి ఉంది, దాన్ని యూనికోడ్ అంటారు. అందులో మన 'అ' నంబరు 3077. 'క' నంబరు 3093. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చే బొమ్మ ఉందే, దాని నంబరు 128514. మన తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్ళు ఇచ్చారు. ఎప్పుడు ఇచ్చారు? 1991లో, యూనికోడ్ మొదటి కూర్పులోనే. బొమ్మలకు పెద్ద మొత్తంలో చోటు దొరికింది 2010లో, ఆరో కూర్పులో. అంటే ఆ పట్టికలో తెలుగు బొమ్మలకంటే 19 ఏళ్ళు పెద్దది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు, ఒప్పుకుంటాను. కానీ కొమ్ములు వచ్చాయని చెవులు కోసుకోమని ఎవరు చెప్పారు?

ఇంకొకటి చెప్తే మీరు నవ్వుతారు. తెలుగులో 'క్ష' రాస్తే ఫోను లోపల మూడు నంబర్లు వరసగా పడతాయి. క, పొల్లు, ష. మన కంటికి మాత్రం ఒకే అక్షరం. అమ్మ, నాయన, బిడ్డ కలిసి నిలబడిన బొమ్మ చూశారు కదా? అందులోనూ అమ్మకో నంబరు, నాయనకో నంబరు, బిడ్డకో నంబరు, మధ్యలో కంటికి కనబడని అతుకు. ఆ అతుకు నంబరు 8205. అది బొమ్మల కోసం పుట్టింది కాదు. అరబ్బీ, మన దేశపు లిపులు లాంటి కలిపి రాసే లిపుల కోసం దాన్ని పెట్టారు. బొమ్మలు తర్వాత వచ్చి దాన్ని అప్పు అడిగి తీసుకున్నాయి. మన ఒత్తుల కిటుకు నేర్చుకుని బతుకుతా ఉండే వాటిని పట్టుకుని మనం శత్రువు అంటున్నాం.

ఆ అతుకుల లెక్క తప్పితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. మన 'జ్ఞా' అక్షరాన్ని, లోపల కంటికి కనబడని ఒక గుర్తుతో సహా ఎవరైనా ఐఫోనుకు పంపిస్తే ఆ యాప్ టక్కున మూతపడేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూత. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న 11.2.6 అనే కొత్త కూర్పు ఇచ్చి సరిచేసింది. అంత ఖరీదైన ఫోను జ్ఞానాన్ని తట్టుకోలేకపోయిందని మా క్లాసులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. నవ్వు అలా ఉంచితే, రోజూ కోట్లమంది తెలుగు అక్షరాలతో రాస్తా ఉండింటే అలాంటి తప్పు ముందే బయటపడి ఉండేదని నా అనుమానం. మనం వాడని దారిలో గుంత ఉన్నా ఎవరికి తెలుస్తుంది?

మరి నేరం ఎవరిది? తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అలవాటుది. నా వేలు అటే చూపిస్తుంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు, దానికి ఒక కారణం ఉంది. ఎస్సెమ్మెస్ కాలంలో ఇంగ్లీషు అక్షరాలతో అయితే ఒక మెసేజీలో 160 పట్టేవి. తెలుగులో రాస్తే 70 మాత్రమే. అందులోనూ గుణింతం గుర్తు, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. మెసేజీకి ఇంత అని డబ్బులు పోయే రోజుల్లో ఎవరైనా ఏం చేస్తారు? (ఇంగ్లీషు మెసేజీలో ఒక్క బొమ్మ పెట్టినా ఆ 160 కాస్తా 70కి పడిపోతుంది. అంటే ఎస్సెమ్మెస్ లెక్కలో తెలుగూ బొమ్మా ఒకే జట్టు.) పైగా అప్పటి చాలా ఫోన్లలో తెలుగు అక్షరాలు ఉత్త గళ్ళుగా కనబడేవి. సరే, అది అప్పటి కష్టం. ఇప్పుడు వాట్సాప్‌లో ఆ లెక్కా లేదు, ఆ గళ్ళూ లేవు. ఏరు దాటినాక తెప్ప తగలేయడం తప్పే, కానీ దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగమని ఎవరూ చెప్పలేదు.

ఆ రాతలో ఏం పోతుందో చూడండి. 'పది', 'పడి' ఒకటే. 'కల్లు', 'కళ్ళు' ఒకటే. మా అవ్వకు కళ్ళ ఆపరేషన్‌కు ముందు రోజు మామ గ్రూపులో ఇంగ్లీషు అక్షరాలతో ఒక మెసేజి పెట్టాడు, "అమ్మకు రేపే కళ్ళు, రాయవేలూరు పోతా ఉండాం" అని. చిత్తూరు పక్కన ఉండే మా చిన్నాయన వెంటనే ఫోను చేసి "ఏం బావా, ఈ వయసులో అత్తకు కల్లు ఏంది?" అన్నాడు. మేమంతా పడిపడి నవ్వినాం, అవ్వ కూడా. కానీ ఆలోచించండి. 'ళ' పలకడం కోసం చిన్న తరగతుల్లో టీచరు మా చేత ఎన్నిసార్లు నాలుక మడత వేయించారు! ఆ 'ళ'ను, 'ణ'ను, ఒత్తులను, దీర్ఘాలను తుడిచి పెట్టేది ఏ బొమ్మా కాదు, ఇంగ్లీషు అక్షరాలే. బొమ్మ మాట పక్కన కూర్చుంటుంది. ఇంగ్లీషు అక్షరం మాట సీటులోనే కూర్చుంటుంది.

మా ఇంటి సంగతే చెప్తాను, చాలా ఇళ్ళల్లో ఇదే. మా అవ్వ ఐదో తరగతి వరకు చదివింది, తెలుగులోనే. పాత వారపత్రిక దొరికితే కళ్ళద్దాలు పెట్టుకుని అక్షరం వదలకుండా చదువుతుంది. మామ కొడుకు గుడియాత్తంలో ఇంగ్లీషు మీడియం చదువుతున్నాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, చదవడం మాత్రం రాదు. నేను తెలుగు మీడియం. ముగ్గురం ఒకే గ్రూపులో ఉన్నాం. వాడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే అవ్వకు కాగితం మీద చీమలు పాకినట్టు ఉంటుంది. నేను తెలుగులో రాస్తే వాడికీ అంతే. ముగ్గురికీ అర్థమయ్యేది ఒక్కటే, బొమ్మ. వాడు పరీక్ష పాసై కేకు బొమ్మ పెడితే అవ్వ రెండు చేతులు జోడించిన బొమ్మ పెడుతుంది. దేవుడికి దండం పెట్టినట్టు ఆమె లెక్క. ఒకే భాష మాట్లాడే అవ్వకూ మనవడికీ మధ్య రాతలో మిగిలింది ఆ బొమ్మే. తాడు ఎప్పుడో తెగింది, ఈ బొమ్మ దానికి వేసిన ముడి. ముడి కనిపించింది కాబట్టి ముడే తెంచింది అంటే ఎట్లా?

ఇప్పుడు కొంచెం గట్టిగానే రాస్తాను, తప్పుగా తీసుకోకండి. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి పాఠం అయింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున 2015-16కు పదో తరగతికి వచ్చింది. మనలాంటి భాషా మైనారిటీ పిల్లలకు మినహాయింపు కావాలని పెద్దవాళ్ళు మద్రాసు హైకోర్టుకు పోయారు, సుప్రీంకోర్టు దాకా పోయారు. మా తెలుగు పరీక్ష మాకు ఉండాలని అంత దూరం పోయినవాళ్ళకు మేము రుణపడి ఉన్నాం. కానీ ఫోన్లో తెలుగు రాయొద్దని ఏ చట్టమూ చెప్పలేదు. ఏ అధికారీ వచ్చి చూడడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. అక్కడ మనమే తెలుగు రాయం! తెలుగు సంఘం పండగ శుభాకాంక్షలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి. "రేపు బడికి సెలవు" అనే రెండు ముక్కలు తెలుగు తల్లిదండ్రుల గ్రూపులో తెలుగు లిపిలో రావు. కోర్టులో గెలవాల్సింది కోర్టులో గెలవాలి, సరే. చేతిలో ఉన్న ఫోన్లో ఓడిపోతున్నది ఎవరి వల్ల?

పక్కింటి తమిళం వాళ్ళను చూడండి. 1999లోనే తమిళనాడు ప్రభుత్వం తమిళ్99 అనే కీబోర్డు పద్ధతిని ప్రమాణంగా తీసుకుంది. జపానులో ఆ 176 బొమ్మలు పుట్టిన ఏడాదే అది. మా వీధిలో తమిళం పిల్లలు తమిళ అక్షరాల్లో రాసి పక్కన బొమ్మలు కూడా పెడతారు. వాళ్ళ తమిళానికి జలుబు కూడా చేయలేదు.

బొమ్మలు అన్నీ చేయగలవని నేను అనడం లేదు. బొమ్మకు నోరు లేదు, ఎవరి అర్థం వాళ్ళు పెట్టుకుంటారు. చేతులు జోడించిన బొమ్మ మనకు నమస్కారం, జపాను వాళ్ళకు 'దయచేసి' అని, 'థాంక్స్' అని. కొంతమంది దాన్ని ఇద్దరు చేతులు కొట్టుకోవడం అనుకుంటారు. బొటనవేలు పైకెత్తిన బొమ్మ సంగతి ఇంకా పెద్దది. కెనడాలో ఒక రైతుకు ధాన్యం వ్యాపారులు అవిసె గింజల కొనుగోలు ఒప్పందాన్ని ఫోటో తీసి పంపి, ఒప్పుకున్నట్టు చెప్పమన్నారు. ఆయన బొటనవేలు బొమ్మ పంపాడు. చేరింది అని చెప్పాను అంతే అని ఆయన వాదన. 2023లో కోర్టు అది సంతకంతో సమానం అని, సుమారు 82 వేల డాలర్లు కట్టమని తీర్పు ఇచ్చింది. మన పరదరామి చుట్టుపక్కల రైతులు కూడా ఇప్పుడు మండీ వాళ్ళతో వాట్సాప్‌లోనే కదా మాట్లాడేది? వేరుశనగ ధర కింద బొటనవేలు పెట్టే ముందు ఒకసారి ఆలోచించండి. మన రాష్ట్రంలోనే 2018లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ముందుకు ఇంకో కేసు వచ్చింది. ఒక టెలిఫోను సంస్థ ఉద్యోగుల గ్రూపులో పై అధికారికి సంబంధించిన వీడియో కింద కొందరు నవ్వి ఏడ్చే బొమ్మలు పెట్టారు, ఆమె ఫిర్యాదు చేశారు. ఆ బొమ్మ మనసులో భావాన్ని చెప్పేదే అని కోర్టు ఆ కేసును కొట్టేసింది. కోర్టులు కూర్చుని అర్థాలు తేల్చే విషయాన్ని మనం 'పిల్ల చేష్ట' అని తీసి పారేస్తున్నాం. నిజానికి ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మాటే రాయాలో మాకు క్లాసులో చెప్పాలి. చావు కబురు కింద బొటనవేలు పెట్టే పెద్దవాళ్ళను కూడా నేను చూశాను.

మన జీవితం ఆ బొమ్మల్లో లేదు కదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. కొంత ఉంది. చీర, ఆటో, ప్రమిద దీపం, గుడి, ఈ నాలుగూ 2019లో ఒకేసారి వచ్చాయి. లేనివి చాలా ఉన్నాయి. గుడియాత్తం అంటే అగ్గిపెట్టెలు, లుంగీలు. అగ్గిపెట్టె బొమ్మ లేదు, మగ్గం బొమ్మ లేదు. దోసె లేదు. కావాలంటే యూనికోడ్‌కు ఎవరైనా రాసి అడగొచ్చు. రయూఫ్ అల్హుమైది అనే సౌదీ అమ్మాయి బెర్లిన్‌లో చదువుకుంటూ 2016లో తలకు ముసుగు వేసుకున్న అమ్మాయి బొమ్మ కావాలని అడిగింది, 2017లో అది వచ్చేసింది. అప్పుడు ఆమె వయసు 15. నా వయసే. నేనైతే దోసె కోసం అర్జీ పెట్టను. 'దోసె' అని రాయడానికి రెండు అక్షరాలు చాలు, నాకు అవి వచ్చు.

బొమ్మ వెతకడానికి కూడా తెలుగు వదలక్కర్లేదు. యూనికోడ్ వాళ్ళే బొమ్మలకు తెలుగు పేర్లు, వెతుక్కునే తెలుగు మాటలు తయారుచేసి పెట్టారు. కొన్ని కీబోర్డుల్లో తెలుగు మాట కొడితే సరిపోయే బొమ్మ వస్తుంది. కంప్యూటర్లో అయితే విండోస్ బటనూ ఫుల్‌స్టాపూ కలిపి నొక్కితే బొమ్మల పెట్టె తెరుచుకుంటుంది. తెలుగు రాయడానికి ఫోన్ సెట్టింగ్స్‌లో భాషలు అనే చోటుకు పోయి తెలుగు చేర్చుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా తెలుగు లిపిలోకి మార్చి ఇచ్చే పద్ధతి అందులోనే ఉంది, కాబట్టి ఇప్పటి అలవాటు కూడా వృథా పోదు. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. మన యాసకు అప్పుడప్పుడు తికమక పడుతుంది. "ఉండాది" అంటే ఒకసారి ఏదేదో రాసింది. దానికి మన యాస నేర్పాలన్నా మనం వాడాలి.

"తెలుగులో కొట్టడం ఆలస్యం అవుతుంది" అని నా స్నేహితులే అంటారు. మొదటి వారం అవుతుంది, నిజం. సైకిలు నేర్చుకున్నప్పుడు నడక కంటే ఆలస్యమే అయింది కదా.

నేను అడిగేది పెద్దది కాదు. మా గ్రూపుల్లో బొమ్మలు నిషేధించే మాట ఎత్తొద్దు. బడి నుంచి ఇంటికి పోయే ప్రతి మెసేజీ, సెలవైనా ఫీజైనా పరీక్ష తేదీ అయినా, తెలుగు లిపిలో పోవాలి. కంప్యూటరు పీరియడ్లలో వారానికి ఒకటి తెలుగు టైపింగుకు ఇవ్వాలి. మామ కొడుకు లాంటి పిల్లలకు, తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రానివాళ్ళకు, వేసవి సెలవుల్లో మన బడి తలుపులు తెరవాలి. వాడికి నేను వారానికి ఐదు అక్షరాలు నేర్పుతున్నాను. ఇప్పటికి 'అవ్వ' అని తప్పులేకుండా రాస్తాడు, పక్కన ఒక ఎర్ర గుండె బొమ్మ పెడతాడు.

తల్లిదండ్రులకు ఒక మాట. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు మా పదో తరగతి వాళ్ళం ముగ్గురం ఆఫీసు గది పక్క వరండాలో బెంచీ వేసుకుని కూర్చుంటాం. మీ ఫోను ఇస్తే తెలుగు కీబోర్డు పెట్టిస్తాం, ఒక మెసేజి మీ చేతే కొట్టిస్తాం. ఫోన్లో ఛార్జి ఉండేట్టు చూసుకుని రండి, అక్కడ ప్లగ్గు ఒక్కటే ఉంది.